పదకొండు చేతిరాతలు

"సంఘంలో నీ పేరెందుకు, ఇంటి మనిషివేగా" అన్నారు మా ఆయన, గోళ్లలో బురద వదలక నేను సింకు దగ్గర సబ్బుతో కుస్తీ పడుతుంటే. వాగు పరిరక్షణ సంఘానికి ఆయన కార్యదర్శి. గట్టు కోసుకుపోకుండా గడ్డి దుబ్బులు నాటడం, కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ ఏరడం, రోజూ పొద్దున్నే కొలబద్ద మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం, ఇవన్నీ ఆరేళ్లుగా నావి. నాకు ఆ వాగంటే ఇష్టం. ఆ ఇష్టాన్నే ఆయన నలుగురిలో 'మా ఆవిడకి కాలక్షేపం' అంటారు. కిందటి వానల్లో వాగు వీధిలోకి వచ్చి మా గడప తడిపాక, పర్యావరణ పనులకి నిధులిచ్చే సంస్థకి దరఖాస్తు పెడదామన్నదీ నేనే, నలభై పేజీలు రాసిందీ నేనే. అందులో ఒక ఉద్యోగం ఉంది. వాగు పని చూసుకునే మనిషికి మూడేళ్లపాటు జీతం. ఆ గడి దగ్గర పెన్ను ఆపి ఆయన వంక చూశాను. తమ్ముడి పేరు రాయమన్నారు. మా మరిదికి వాగు ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. "పాపం, వాడు ఖాళీగా ఉన్నాడు కదా" అన్నారు అత్తయ్య. ఖాళీగా ఉండటం కూడా ఒక అర్హతేనని నాకు అప్పుడే తెలిసింది. ఒళ్లు మండిపోయింది. అయినా, వడ్డించమంటే వడ్డించినట్టు, రాశాను.

నిధి రావాలంటే వాగు పని చేసే ఆడవాళ్లు కనీసం పదకొండు మంది, తమ చేత్తో రాసిన నివేదికలు ఇవ్వాలి. "కల్పించి రాసెయ్. చేతిరాతలు మాత్రం ఒక్కలా ఉండకూడదు" అన్నారు ఆయన, సరుకుల చీటీ రాయమన్నంత తేలిగ్గా. మధ్యాహ్నం అంట్లు తోమాక కూర్చుని పదకొండు మందిని పుట్టించాను. ఎడమచేత్తో రాస్తే ఒకామె వచ్చింది. బెణికిన నా మోచెయ్యి ఆమెకిచ్చాను. ఆగిపోయిన నా చదువు ఇంకొకామెకి. పెళ్లికి ముందు పాడుకున్న నా పాట మరొకామెకి. పని మాత్రం అందరిదీ నేను చేసిన పనే. తమాషా ఏమిటంటే, రాయడం పూర్తయ్యేసరికి నా మోచేతి నొప్పి పోయింది. పాట గుర్తు చేసుకుందామంటే మొదటి మాట కూడా రాలేదు.

పది రోజుల తర్వాత పొద్దున్నే వాగు దగ్గరికి వెళ్తే, పుస్తకంలో ఆ రోజు నీటిమట్టం అప్పటికే రాసి ఉంది. ఎడమచేతి రాత. కొలబద్ద చూశాను, అంకె సరిగ్గానే ఉంది. చెత్తంతా ఏరి కుప్ప పోసి ఉంది. బురదలో చాలామంది పాదాల గుర్తులు, అన్నీ నా పాదమంతే ఉన్నాయి. ఇంటికొచ్చి చెబితే, "నువ్వే రాసి మర్చిపోయుంటావు" అన్నారు ఆయన పేపర్లోంచి తలెత్తకుండా.

ఆ వారంలోనే నిధి సంస్థ నుంచి తనిఖీకి ఒకావిడ వచ్చింది. ముందు చెప్పకుండా నేరుగా వాగుకే వెళ్లి, అక్కణ్నుంచి మా ఇంటికి వచ్చింది.

"పదకొండు మందితోనూ మాట్లాడానండీ. చక్కగా పనిచేస్తున్నారు. ఒకావిడ పాట కూడా పాడింది" అంది.

మా ఆయన నావంక మెచ్చుకోలుగా చూశారు, ఎవరినో కూలికి పిలిచి నిలబెట్టాననుకుని. ఆవిడ కాగితం తీసి, ఉద్యోగానికి మీ తమ్ముడుగారు సంతకం పెడితే అయిపోతుందంది. మరిది పెన్ను కోసం జేబులు తడుముకుంటున్నాడు.

"వాళ్లెవరూ లేరండీ" అన్నాను. "నేనే కల్పించి రాశాను. ఆ పనంతా నేనొక్కదాన్నే చేశాను."

ఈ మాటతో నిధి పోవచ్చనీ, వచ్చే వానలకి వాగు మళ్లీ మా గడప ఎక్కుతుందనీ తెలుసు. కానీ ఆ సంతకం చూస్తూ నిలబడటం నావల్ల కాలేదు.

"మా ఆవిడకి హాస్యం ఎక్కువ" అని మా ఆయన నవ్వబోయారు. ఆవిడ నవ్వలేదు.

"మీరు ఈయన భార్యా?"

"అవునండీ."

"అదేంటండీ. కార్యదర్శి గారి భార్య కూడా వాగు పనికి వస్తుందా అని వాళ్లని అడిగాను. ఆయనకి భార్యంటూ ఎవరూ లేరు, ఆ ఇంటి పని కూడా మేమే చేస్తాం అన్నారు."

నాకు భయం వేసింది. ఆ భయం వెనకే, నిండు బిందె ఎవరో అందుకున్నట్టు భుజాలు తేలికయ్యాయి.

అప్పుడే వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు మొదలైంది. ఇంట్లోవాళ్లమంతా ముందుగదిలోనే ఉన్నాం. ఎవరూ లేచి చూడలేదు.

ఆవిడ అటువైపు ఒకసారి చూసి, "ఎవరు చేస్తేనేం, పని జరగడం నా కళ్లతో చూశాను. అది చేసే మనిషి సంతకమే కావాలి" అని కాగితం నా ముందు పెట్టింది. మరిది పేరు కొట్టేసి నా పేరు రాశాను. నా సొంత రాత నాకే కొత్తగా కనిపించింది.

"మరి వంటో?" అన్నారు మా ఆయన.

"లోపల ఉన్నవాళ్లని అడగండి. ముందు వాళ్ల పేర్లు కనుక్కోండి" అని చెప్పులు వేసుకున్నాను.