పై అంతస్తుకు అయిదుకు అయిదు

మా ఆసుపత్రి మేనేజరు గదిలో అడుగు పెడితే చాలు, నాకు రోత పుడుతుంది. నిన్నటి టీ కప్పులో నానిపోయిన బిస్కెట్ ముక్క, కీబోర్డు సందుల్లో కొరికి పారేసిన గోళ్ళు. ఇలాంటి మనిషి మా శుభ్రతా కమిటీకి పెద్ద.

నేను రికార్డుల విభాగంలో కంప్యూటర్ పని చూస్తాను. ఆ రోజు నన్ను ఒక ఉత్తరం ప్రింటు తీయడానికి పిలిపించాడు. తీస్తూ చదివాను. కింది అంతస్తు మరుగుదొడ్లు శుభ్రతలో ఆఖరున వచ్చాయట, అక్కడి సూపర్‌వైజరు వచ్చే నెల నుంచి పనిలోకి రానక్కర్లేదట. ఆ సూపర్‌వైజరు మా పిన్ని, అమ్మకు స్వయానా చెల్లెలు. బాబాయి మంచం పట్టాక ఆ ఇల్లు నడిచేది ఆవిడ జీతం మీదే.

"పిన్ని దొడ్లు ఆఖరా సార్?" అన్నాను.

"నేనన్లేదమ్మా, షీట్ అంది. షీట్‌కి చుట్టరికాలుండవు" అన్నాడు గోరు కొరుకుతూ.

ఆ షీట్ తయారుచేసింది ఆయన కుడిభుజం. ఏ పనీ పూర్తిగా చేయడు కాబట్టి అందరం షార్ట్‌కట్ అంటాం. ప్రతి అంతస్తుకూ ఒక షీట్ ఉంది. మరుగుదొడ్డి వాడి బయటికి వచ్చినవాళ్ళను అయిదుకు ఎంత వేస్తారో అడిగి, అక్కడి సూపర్‌వైజరు ట్యాబ్‌లో నమోదు చేయాలి. షార్ట్‌కట్ ఆ షీట్లన్నిటినీ వీస్టాక్ అనే ఫార్ములాతో ఒకదాని కింద ఒకటి పేర్చి, అంతస్తువారీగా సగటు తీశాడు. ఫార్ములా మంచిదే. దాన్ని రాసిన చేతుల్నే డెట్టాలుతో కడగాలి.

ఆ కంప్యూటర్లోనే షీట్ తెరిచి, పేర్చిన వరసను పైనుంచి కిందికి జరుపుతూ పోయాను. మేనేజరు కూర్చునే పై అంతస్తుకు అన్నీ అయిదులే. అక్కడి సూపర్‌వైజరు ఎవరినీ అడగడు, కుర్చీ దిగకుండానే కొట్టి పారేస్తాడు. పిన్ని అంతస్తు దగ్గరికి వచ్చేసరికి నాలుగులూ అయిదుల మధ్య అక్కడక్కడా సున్నాలు. సున్నా ఇచ్చేంత పాపం ఆవిడేం చేసింది?

పిన్ని షీట్ విడిగా తెరిచాను. అందులో సున్నా అన్నదే లేదు. సున్నాలు కనిపించిన చోటల్లా ఖాళీ గడులున్నాయి. అంతస్తు పేరు మాత్రం పక్క నిలువు వరసలో కింది దాకా ముందే నింపి ఉంది. వీస్టాక్ ఖాళీ గడిని ఖాళీగా ఉంచదు, సున్నా చేసి చూపిస్తుంది. సగటు ఆ సున్నాల్ని కూడా మార్కులనుకుని మింగేసింది.

ఖాళీలు ఎందుకు వదిలిందో నాకు తెలుసు. ట్యాబ్‌లు ఇచ్చిన రోజు ఈ మేనేజరే అందర్నీ కూర్చోబెట్టి, షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య ఒక గడి వదలండి, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది అని ఉపన్యాసం దంచాడు. మిగతావాళ్ళు గుమ్మం దాటకముందే మర్చిపోయారు. పిన్ని ఒక్కతే బుద్ధిగా విన్నది.

ఖాళీలు పోయేలా ఫిల్టర్ కట్టి మళ్ళీ పేర్చాను. జనం తిరిగే అంతస్తులన్నిటిలోనూ పిన్నిదే పైన నిలబడింది.

మేనేజరు చూశాడు.

"సరే, వచ్చే నెల నుంచి ఇలాగే కట్టు" అన్నాడు మేనేజరు. "ఈ ఉత్తరం సంగతి డైరెక్టరు గారికి చెప్పేశాను. ఇప్పుడు కాదంటే నా పరువేం కావాలి?"

"ఒక్కసారి కిందికొచ్చి మీ కళ్ళతో చూడండి సార్."

"చీ! ఊళ్ళో జనమంతా వెళ్ళే దొడ్డికి నేనొస్తానా?"

ఒళ్ళు మండిపోయింది. ఇంకో మాటంటే నా నోరు ఎక్కడ జారుతుందోనని ఉత్తరం చేతిలో పట్టుకుని బయటికి వచ్చేశాను. భోజనాల వేళ దాటాక కిందికి దిగాను.

పిన్ని మరుగుదొడ్ల గుమ్మం పక్కన ట్యాబ్ పట్టుకుని నిలబడి ఉంది. తడిగుడ్డ పెట్టి తుడిచిన నేల అప్పుడే ఆరుతోంది. రోగుల బంధువులు వరసలో ఉన్నారు. ఉత్తరం చదివి, మడిచి నా చేతికే ఇచ్చింది.

"మీ బాబాయికి ఏం చెప్పనే?" అంది.

అంతలోనే మగవాళ్ళ వైపు తలుపు తెరుచుకుంది. జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ మేనేజరు బయటికి వచ్చాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా ఆగిపోయాడు.

"రోజూ ఇక్కడికే వస్తాడే. పైన ముక్కు పగిలిపోతోందట" అంది పిన్ని నా చెవిలో.

పిన్ని అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగింది. "సార్, అయిదుకి ఎంత వెయ్యమంటారు?"

వరసంతా అటే చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "అయిదు వేసుకో."

నేను ఉత్తరం ఆయన ముందుకు చాపాను. "మరి దీన్నేం చెయ్యమంటారు సార్?"

"ఏముందా కాయితంలో?" అన్నాడు వరసలోంచి ఒక ముసలాయన.

మేనేజరు ఉత్తరం లాక్కుని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. "ఏదో లెక్క తప్పింది. నువ్వు పన్లోనే ఉంటావు" అన్నాడు. క్షమించమని ఒక్క ముక్క లేదు. పైగా రెండడుగులు వేసి, పోయిన పెద్దరికం మళ్ళీ తెచ్చుకోవాలనుకున్నాడేమో, వెనక్కి తిరిగాడు.

"రేపట్నుంచి పై అంతస్తు కూడా నువ్వే కడుగు."

పిన్ని ట్యాబ్‌లో అయిదు నొక్కి తలెత్తింది.

"పైన రోజూ అయిదుకి అయిదు కదా సార్. ఇంక కడగడానికేముంది?"