పాతది తీసెయ్యని తిరువేంగడం

తిరువేంగడం ఇరవై మూడో కంప్యూటరు మీట నొక్కి, దానికి చెవి ఆనించి, లోపల ఫ్యాను తిరిగే చప్పుడు విన్నాకే ఇరవై నాలుగో దాని దగ్గరికి కదిలాడు. వేలూరులోని ఆ ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో పంతొమ్మిదేళ్లుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. యాభై ఆరేళ్లు, పొట్టి మనిషి, బట్టతల. అటెండరుగా చేరకముందు గుడియాత్తంలో తండ్రితో పాటు గోడలు కట్టినవాడు. సున్నానికి కాలిన వేళ్లు ఇంకా గరుకే. కోడు రాయడం రాదు. కానీ ఏ కంప్యూటరు ఎందుకు అలిగిందో పట్టుకోవడంలో అతన్ని మించినవాళ్లు ఆ కాలేజీలో లేరు.

ఆ రోజు పదకొండింటికి అతనికి ఆసుపత్రిలో గుండె పరీక్ష. నెల రోజులు తిరిగితే దొరికిన టోకెను. వారం నుంచి మెట్లెక్కితే ఎడమ చెయ్యి మరీ లాగుతోంది.

తొమ్మిదిన్నరకు గాయత్రి అనే చివరి సంవత్సరం అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది. మూడింటికి ప్రాజెక్టు చూపించాలి. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాం ఇవాళ కంపైలే కావడం లేదు. తెరనిండా ఎర్ర అక్షరాలు, నూట నలభై తప్పులు.

"నేనేమీ ముట్టలేదన్నా. నాకే చదువు రాదేమో," అంది. ఊరు తమిళనాడుదైనా ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే.

మొదటి తప్పు చదివేసరికి తిరువేంగడానికి సంగతి తెలిసిపోయింది. నిన్న సాయంత్రం, ప్రోగ్రాములన్నీ వాడుకునే ఒక ప్యాకేజీకి కొత్త వెర్షను ఎక్కించింది తనే. పాతది తీసెయ్యలేదు. తీసెయ్యడం అతనికి చేతకాదు. ఇల్లు కట్టాక మిగిలిన ఇటుకలను, ఎప్పటికైనా పనికొస్తాయని పెరట్లో పేర్చి దాచే వంశం మరి. ఇప్పుడు ప్రోగ్రాంను చదివే కంపైలరు పేర్లు కొత్తదాంట్లో చదువుకుని, సరుకు కోసం పాతదాంట్లో వెతుకుతోంది. రెండు బట్టీల ఇటుకలు ఒకే వరసలో పేర్చినట్టుంది.

"నీ రాతలో తప్పు లేదమ్మా. తప్పు నాది. కూచో."

పాతది తీసేస్తే, దాన్నే నమ్ముకున్న ఇంకో రెండు ప్యాకేజీలు మొండికేశాయి. వాటికి సరిపడే వెర్షన్లు వెతికి ఒక్కొక్కటే ఎక్కించాడు. నూట నలభై తప్పులు అరవైకి దిగాయి.

పదకొండింటికి ఇంటి నుంచి భార్య పొన్నమ్మ ఫోను.

"యాడ ఉండావు? డాక్టరు పిల్చినాడా?"

"ఈడ ఒక బిడ్డ పని ఉండాది. నావల్లే చెడింది. రేపు పోతాలే."

"రేపు నీకు టోకెను ఎవురిస్తారు?"

అతను ఫోను పెట్టేసి తెరవైపు తిరిగాడు. తన ప్రాణానికి రేపు ఉంటుందనీ, ఆ పిల్ల ప్రాజెక్టుకు ఉండదనీ లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క వింటే అతని మీద కోపం రావాలో, ఏడుపు రావాలో తెలియదు.

అరవై కాస్తా తొమ్మిదికి దిగింది. ఒకటిన్నరకు సున్నా. గాయత్రి చప్పట్లు కొట్టి, అంతలోనే ఆగింది. ఏసీ చలికి ఆమె చున్నీ కప్పుకుని ఉంది. అతని చొక్కా వీపంతా తడిసింది.

"ఇట్లా చెమట్లు పోస్తాండాయేందన్నా?"

"ఏంలేదమ్మా. నువ్వు పోయి అన్నం తిను."

సగం రోజు సెలవు రాసిచ్చి, ఇంటికి పోదామని గుడియాత్తం బస్సెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. పళ్లికొండ దాటాక తల కిటికీకి ఆనించాడు. కండక్టరు చూసి, పాపం అలసిపోయాడనుకున్నాడు.

గుడియాత్తంలో అందరూ దిగినా అతను దిగలేదు. కండక్టరు భుజం తట్టాడు, మళ్లీ తట్టాడు. జేబులో ఫోను మోగింది. ఇంటివాళ్లేమోనని కండక్టరు తీశాడు.

"అన్నా, పాసైనాను! ఒక్క తప్పు గూడా రాలే!"

కండక్టరు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, చల్లబడిపోయిన అతని చేతిని మెల్లగా ఒళ్లో పెట్టాడు.

నలుగురు కలిసి అతన్ని ఆటోలోకి చేర్చారు. బస్సు నాలుగింటి ట్రిప్పుకు తిరిగి వేలూరు బయలుదేరింది. కిటికీ పక్క సీటు కింద, మడమలు అరిగిన అతని చెప్పులు.