నాలుగు చాలిన చోట నలభై

జ్యోత్స్న వ్యాన్ కార్బురేటర్ కాలం నాటిది. చేపల చెరువుల నీళ్లు పరీక్షించే సామానంతా అందులో సర్దుకుని ఆమె కైకలూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. ఆ బండిని మొదటి నుంచీ చూసేది ఏలూరు మెకానిక్ మునీర్ ఒక్కడే.

కిందటి నెల ఇంజిన్ పక్కనుండే చిన్న ఫ్యూయల్ పంపు పాడైంది. అలాంటిది దొరక్క, మునీర్ తాడేపల్లిగూడెం వెళ్లి కొత్త కార్లకు వాడే కరెంటు పంపు తెచ్చి బిగించాడు. "ఇది ఏనుగండీ, ఇంక దిగులు లేదు" అని భరోసా కూడా ఇచ్చాడు.

అప్పట్నుంచి ఒకటే పెట్రోల్ వాసన, నల్లపొగ. మునీర్ కార్బురేటర్‌లో పెట్రోల్‌ని ఆపే సూది రెండుసార్లు మార్చాడు. ఫలితం లేదు.

ఆవేళ పొద్దున్న అతను ఇడ్లీ తింటుంటే జ్యోత్స్న ఫోన్ చేసింది.

"చెరువు గట్టు మీద ఆగిపోయిందండీ. కార్బురేటర్‌లోంచి పెట్రోల్ కారుతోంది."

"తాళం తిప్పకండమ్మా. బండికి దూరంగా నిలబడండి. వచ్చేస్తున్నా."

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పే మునీర్ కూతురు షాయిస్తా పక్కనే ఉండి అంతా వింది.

"ఆ పంపు ప్రెషర్ ఎంతో చూశారా?"

"పెట్రోల్ అందితే చాలదా?"

"కొత్త కార్లలో ఉండే ఇంజెక్షన్ ఇంజిన్‌కి నలభై పీఎస్‌ఐ దాకా కావాలి. కార్బురేటర్‌కి నాలుగు చాలు. అంత ఒత్తిడిని ఆ చిన్న సూది ఎలా ఆపుతుంది?"

మునీర్ ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశాడు. ముప్పై ఏళ్లుగా చెవితో, ముక్కుతో పని చేసినవాడు. ప్రెషర్ ఎప్పుడూ కొలవలేదు.

షాయిస్తా దగ్గర ప్రెషర్ కొలిచే గేజ్ తీసుకున్నాడు. పాత పంపు విప్పి చూస్తే చిరిగింది లోపలి పొర ఒక్కటే. పాత సామాన్ల నరసరాజు కొట్టంతా గాలించి ఆ పొర సంపాదించాడు. పంపు బాగుచేసుకుని కైకలూరు బస్సెక్కాడు.

గట్టు మీద పెట్రోలంతా ఆరాక, పైపు ఊడదీసి గేజ్‌కి తగిలించి తాళం తిప్పాడు. ముల్లు ఎగిరి నలభై మీద నిలిచింది. పంపు నకిలీదని చెబితే జ్యోత్స్న నమ్మేసేదే. అబద్ధమాడడానికి మునీర్‌కి నోరు రాలేదు.

"పంపు మంచిదేనమ్మా. ఈ బండికి పనికిరాదు. తప్పు నాది."

ఆమె గట్టు మీది పెట్రోల్ మరక వైపు చూసింది. "మంటలంటుకుంటే ఏమయ్యేదండీ?"

"అదే తల్చుకుంటే వణుకొస్తోంది. మీకు ముఖం చూపించలేకపోతున్నా."

పాత పంపు బిగించి మళ్లీ కొలిచాడు. మూడున్నర. ఇంజిన్ మెత్తగా తిరిగింది. పావుగంట కాచుకుని చూశాడు. ఒక్క చుక్క కూడా కారలేదు.

"ఆ మూడున్నర బానెట్ లోపల రాయండి. రేపు ఇంకెవరు ముట్టుకున్నా చూసుకుంటారు" అంది జ్యోత్స్న, మార్కర్ అందిస్తూ.

గుండ్రటి అక్షరాలతో రాశాడు. కింద తన పేరూ రాయమంది. ఆ మాటతో అతని గుండె తేలికపడింది.

"ఇంకో రెండు చెరువులున్నాయి. తొందరేం లేకపోతే వస్తారా? తిరిగొచ్చేటప్పుడు బస్టాండ్‌లో దింపుతా."

మునీర్ ముందు సీట్లో కూర్చున్నాడు. తర్వాతి గట్టు మీద ప్యాంటు మడిచి, మోకాలి లోతు నీళ్లలో దిగి, ఆమె చెప్పినట్టే సీసా ముంచి మూత బిగించాడు. "ఇలాగేనా అమ్మా?" అని అడిగాడు.

"అచ్చం ఇలాగేనండీ" అంది జ్యోత్స్న.