ఎవరూ కూర్చోని కుర్చీ

ఆ పాత బంగళాలోని దెయ్యాలన్నింటినీ కొత్తకోడలికి పెళ్లినాడే పరిచయం చేశాడు మొగుడు. మేడమీద ఎవరో నడుస్తారట, సామాన్ల గదిలో ఎవరో దగ్గుతారట, వెనక వసారాలో ఉయ్యాల తనంతట తనే ఊగుతుందట. మహానుభావుడు అన్నీ చెప్పాడు గానీ అసలైనదాన్ని మాత్రం మింగేశాడు. పుట్టినప్పటినుంచీ రోజూ చూసేదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుని చెబుతారు గనక!

ఇంట్లో చెప్పకుండా చేసుకున్న పెళ్లి అది. అతను ఓడ పనిమీద సముద్రంలో ఉండగా, వానలకు వాళ్ల అద్దె ఇంటి గోడ కూలింది. పుట్టింటివైపు దిక్కు లేదు. ఒక చేతిసంచీతో, తడిసి ముద్దయి, ఎన్నడూ చూడని అత్తారింటి గుమ్మం ఎక్కింది. ఉండమంటే ఉన్నట్టు, పొమ్మంటే మళ్లీ ఆ వానే గతి.

తలుపు తీసిన తోడికోడలు, తను ఫలానా అని చెప్పుకోగానే తువ్వాలు అందించింది. అత్తగారు ఎగాదిగా చూసి, "భోజనాల వేళ. ముందు తిను, తర్వాత మాట్లాడదాం" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ 'తర్వాత' అన్న మాటకే కోడలి గుండెల్లో రాయి పడింది.

బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది, దాని ముందు కడిగి బోర్లించిన కంచం. తనకోసమే కాబోలనుకుని వెళ్లి కూర్చుంది.

అంతే! బావగారి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"అయ్యో, అందులో కాదమ్మా, నీకు స్టూలు తెస్తున్నా" అంటూ తోడికోడలు లేచింది.

"అది దెయ్యం కుర్చీ పిన్నీ!" అంది బావగారి కూతురు, కళ్లు ఇంతలేసి చేసుకుని.

కొత్తకోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. వచ్చీరాగానే కొంప ముంచుకున్నానే అనుకుంటూ లేవబోయింది.

"లేవకు" అంది మామ్మ. అత్తగారికి అత్తగారు ఆవిడ. ఆవిడ నోరు తెరిస్తే ఇంట్లో మరొకరు తెరవరు. "దెయ్యమూ లేదు, దాని తలకాయా లేదు. పిల్లలు దానిమీదెక్కి గంతులేస్తుంటే దెయ్యాన్ని పుట్టించింది నేనే. అసలు సంగతి నేను కాపురానికి రాకముందుది. ఈ ఇల్లు కట్టించిన మా మామగారు, తనిష్టప్రకారం పెళ్లి చేసుకుందని కూతుర్ని గెంటేశారు. ఓ రోజు వానలో తడుస్తూ వచ్చిందట. అందరూ ఇలాగే తింటున్నారు. కూర్చోమని ఒక్కరూ అనలేదు. నిలబడి నిలబడి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. మర్నాటినుంచీ మా అత్తగారు ఈ కుర్చీ వేసి, కంచం పెట్టడం మొదలెట్టింది."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?" అంది అత్తగారు.

"నువ్వడిగావా? దెయ్యమనగానే దండం పెట్టి ఊరుకున్నావు."

అత్తగారు లేచివచ్చి, బోర్లించిన కంచాన్ని తిప్పి తనే వడ్డించింది.

"తిన్నాక మాట్లాడదామన్నారు..." అని నసిగింది కోడలు.

"ఏముంది మాట్లాడ్డానికి? మీ గది మేడమీద. నడిచే దెయ్యం కూడా అక్కడే ఉంటుంది, ఇద్దరూ సర్దుకోండి."

కోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ముద్ద నోట్లో పెట్టుకునే దాకా తనకెంత ఆకలేస్తోందో తెలియలేదు.

అత్తగారు పెద్దకొడుకు వైపు తిరిగింది. "సామాన్ల గదిలోంచి ఇంకో కుర్చీ పట్రా."

"ఎవరికమ్మా? అందరం కూర్చున్నాంగా!"

"ఏమో, ఎవరొస్తారో" అంటూ ఆవిడ ఇంకో కంచం కడిగి బోర్లించింది.