వెనక్కి రాని నడుము

అర్ధవీడు పక్క పల్లెలో గొర్రెలూ మేకలూ కాసుకునే ఆదిశేషు చదువంతా ఆయన అరచేతిలోనే ఉంది. కళ్లు మూసుకుని గొర్రె నడుం మీద వేళ్లు ఆనిస్తే చాలు. ఎముక తగిలిందా, అది బక్క జీవం. తగల్లేదా, గొర్రె బలిసింది, సంతలో దాని ధరా బలుస్తుంది. ఈ అలవాటు దొడ్డి దాటి ఇంట్లోకీ వచ్చింది. పొద్దున్నే మందను తోలే ముందు కూతురు వెన్నెల వెన్ను తడిమి, "ఆఁ, నిండుగుండాది నా బంగారు" అంటాడు. ఆయనకు తెలిసిన ముద్దు అదొక్కటే.

పదకొండేళ్ల వెన్నెల ఈమధ్య ఆ చెయ్యి వస్తుంటే పక్కకు జరుగుతోంది. కంచం ముందు నుంచీ జరుగుతోంది. రొట్టె పెడితే తుంచుతుంది గానీ, తుంచింది తన నోటికి పోదు, గుంజకు కట్టిన గొర్రెపిల్ల నోటికి పోతుంది. ఆ పిల్ల బలుస్తోంది, ఈ పిల్ల తగ్గుతోంది.

మేత ముట్టని జీవానికి కడుపులో పురుగులుంటాయి. ఆదిశేషు శాస్త్రం అదే. గిద్దలూరు పోయినవాడు మందుల షాపులో బిళ్ల తెచ్చాడు.

"ఏంది నాయనా ఇది?"

"నులిపురుగుల బిళ్ల. ఏసుకోమ్మా, ఆకలి పుడతాది."

"నాకు పురుగుల్లేవు!"

"మరేముండాది?"

"ఆకలే ఉండాది!" అని అరిచి, నాలుక కరుచుకుని, వెన్నెల అరుగు మీదకు పోయింది.

ఆకలి ఉండీ తినని జీవాన్ని ఆదిశేషు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"పురుగు కడుపులో లేదు, ఫోన్లో ఉండాది," అంది భార్య మహేశ్వరి పొయ్యి దగ్గర్నుంచి. "మేకలు మేపే ఇంట్లో మేకప్పు మొదలయింది. బొమ్మకి గుడ్డలు తొడిగే ఆటంట. ముస్తాబు బొమ్మకి, పస్తు మన పిల్లకి!"

ఆదిశేషు పోయి కూతురి పక్కన కూర్చున్నాడు. "నాగ్గూడా చూపీమ్మా ఆ ఆట."

వెన్నెల అనుమానంగానే ఫోను తిప్పింది. తెర మీద ఒక పిల్ల నిలబడి ఉంది. బొద్దుగా, చామనచాయగా, నూనె పెట్టి అల్లిన జడతో, బుగ్గ మీద మొటిమతో. ఆదిశేషు ముఖం విచ్చుకుంది.

"ఓయమ్మ, ఎంత బాగుండాదో! అచ్చం నీ మాదిరే ఉండాదే!"

అంతే, వెన్నెల కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఆదిశేషు బిత్తరపోయాడు. తిడితే ఏడవాలి గానీ, మెచ్చుకుంటే ఏడవడమేమిటి?

"అది మార్చక ముందర పిల్ల నాయనా," వెన్నెల ముక్కు ఎగబీల్చింది. "ఆటంటే ఈమెను మార్చాల. ఇట్ల ఉంటే స్టార్లు రావు."

తెర అడుగున గీత మీదున్న చుక్కను వేలితో జరిపింది. నడుము పోయింది. ఇంకో చుక్క జరిపింది. చామనచాయ పోయింది. పోగా పోగా పిల్లలో మిగిలినవి కళ్లూ కాళ్లూ. ఫోను గలగలా స్టార్లు రాల్చింది. లోపల ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో సంబరంగా కేక పెట్టింది.

"ఈ పిల్లకేందో జబ్బు చేసిందమ్మా."

"ఇదే గెలిచిన పిల్ల నాయనా."

"ఇట్లియ్యి." కర్ర పట్టి కాయలు కాసిన వేలితో ఆదిశేషు చుక్కను వెనక్కి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. ఫోను బుర్రుమని ఎర్ర గుర్తు వేసింది.

"లావయ్యే బొత్తాం యాడుండాది?"

"ఉండదు."

"ముందర లావుగానే ఉన్నింది గదా. ఆ పిల్ల యాడికి పోయినట్టు?"

వెన్నెల ఫోను లాక్కుంది. తనూ చుక్కను లాగి చూసింది. నడుము వెనక్కి రాలేదు.

"ఇంతకీ ఈ స్టార్లిచ్చేది ఎవురు?"

"ఎవురో. ఫోనే ఇస్తాది."

"పొదిలి సంతలో అయితే బేరగాడు ఎదురుగా నిలబడతాడు. వాడు బక్కదంటాడు, నేను కాదంటా. కొట్లాడొచ్చు. వీడెవుడో, యాడుండాడో తెలవకుండా నువ్వు కడుపు మాడ్చుకుంటే నేనెవుడితో కొట్లాడేదమ్మా?"

"నువ్వు మాత్రం?" వెన్నెల గొంతు లేచింది. "రోజూ వీపు తడిమి నిండుగుండాదంటావు. మొన్న మా క్లాసు రేచల్ ముందర గూడా అంటివి. బళ్లో అందరికీ చెప్పి నవ్వింది. నన్ను గొర్రెను చూసినట్టు చూడబాక నాయనా!"

"మరెట్ల చూడాలమ్మా?"

వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగాడు. వెన్నెల ఆలోచించింది. జవాబు ఫోన్లో ఉంటుందేమోనని తెర వైపు చూసింది. అక్కడ స్టార్లే ఉన్నాయి.

"తెల్దు," అంది.

మహేశ్వరి వేడి జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి తెచ్చి మధ్యలో పెట్టింది. "మీ పంచాయితీ తెగేసరికి రొట్టె చల్లారిపోతాది."

ఆదిశేషు చెయ్యి అలవాటుగా కూతురి వెన్ను దాకా లేచి గాల్లో ఆగింది. తల మీద పెడదామా అంటే పొట్టేలు కొమ్ములు చూసేది అక్కడే. బుగ్గ మీదనా అంటే పళ్లు చూసేది అక్కడే. దించే చోటు దొరక్క ఆ చేతిని తన మోకాలి మీదే పెట్టుకున్నాడు.

వెన్నెల రొట్టె తుంచింది. గుంజ దగ్గర గొర్రెపిల్ల అరిచింది. ముక్క ఎటు పోతుందోనని ఆదిశేషు మెడ సాచి చూశాడు.

వెన్నెల నోట్లోకే పోయింది. నమిలింది. ఇంకో ముక్క తుంచి కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో తన నడుము తానే తడిమి చూసుకుంది, అచ్చం వాళ్ల నాయన లాగే. వేళ్లకు ఎముక తగిలితే మంచిదో, తగలకుంటే మంచిదో తేలక, ఆ చేతిని అక్కడే ఉంచుకుని ఆయన ముఖంలోకి చూసింది.