పెట్రోల్ లేదన్న మాట

లక్ష్మీరాజం కారు కొన్నాడన్న సంగతి సూరత్‌లోని పాండేసర వరుస గదుల్లో ఒక్క పూటలో పాకిపోయింది. రంగుల మిల్లులో మెషిన్ మీద పనిచేసేవాడికి కారెందుకని నవ్వేవాళ్లు నవ్వారు. అతను ఏప్రిల్ నెలాఖరులోనే మంచి మోటార్ సైకిల్‌ను అగ్గువకు అమ్మేశాడు. నాలుగు నెలలు మిల్లుకు నడిచే వెళ్లాడు. ఆగస్టులో పద్నాలుగేళ్ల పాత కారొకటి తెచ్చి గల్లీ మొదట్లో నిలబెట్టాడు. ఎందుకని భార్య భూదేవి అడిగితే, "ఆపతికి అక్కరకొస్తది" అన్నాడు.

ఆ కారు అమ్మింది పర్వత్ పాటియాలో ఉండే ముసలి గుజరాతీ పంతులు. చూపు తగ్గి నడపడం మానుకున్నాడు. నిజాయితీ గల మనిషి కనుక బండిలో ఉన్న లోపాలన్నీ తానే చెప్పాడు. ముందు అద్దం మూల నుంచి వాన నీళ్లు కారతాయి. వెనక ఎడమ తలుపు గట్టిగా లాగితే గానీ పడదు. లోపలి దీపం ఒక్కోసారి దానంతటదే వెలుగుతుంది. ఇంజను పొద్దున్నే రెండుసార్లు దగ్గి మూడోసారికి అందుకుంటుంది.

దగ్గు అన్న మాట దగ్గర లక్ష్మీరాజం చెయ్యి తాళంచెవి మీద ఆగిపోయింది. అయినా బేరం కుదుర్చుకున్నాడు.

అతనికి ఆ మాట ఎందుకు గుచ్చుకుందో భూదేవికి కూడా తెలియదు.

అది మోటార్ సైకిల్ అమ్మకముందు, ఏప్రిల్‌లో రెండో విడత కరోనా ఊరంతా కమ్ముకున్న రోజుల్లో మాట. ఒక్క వారంలోనే ఆ గదుల వరుసలో ఇద్దరు పోయారు. వరుస చివరి గదిలో సాంబయ్య ఉండేవాడు. అతనూ లక్ష్మీరాజమూ ధర్మపురి దగ్గర ఒకే ఊరివాళ్లు, ఒకే మిల్లు, ఒకే షిఫ్టు. అన్నా అంటూ వెంట తిరిగేవాడు. అతని భార్య నర్సవ్వ తల్లికి బాగోలేదని పిల్లలను తీసుకుని ఊరికి పోయి ఉంది. ఒక తెల్లవారుజామున సాంబయ్య వచ్చి లక్ష్మీరాజం తలుపు మెల్లగా కొట్టాడు. ఊపిరి ఆడటం లేదని, బండి మీద దవాఖాన దాకా దింపమని అడిగాడు. లోపల పిల్లలిద్దరు నిద్రపోతున్నారు. చిన్నది రుచితకు పుట్టినప్పటి నుంచీ ఆయాసం. లక్ష్మీరాజం తలుపు వెనక నిలబడి, గడియ తీయకుండానే, బండిలో పెట్రోల్ లేదని చెప్పాడు.

సాంబయ్య నడుచుకుంటూ పెద్దరోడ్డు దాకా పోయి, మూసి ఉన్న దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. మధ్యాహ్నానికి దవాఖాన వరండాలో ప్రాణం పోయింది. దహనం దవాఖాన వాళ్లే చేయించారు. బూడిద కుండ తీసుకుని స్మశానం అలమారలో పేరు రాయించి పెట్టింది లక్ష్మీరాజమే. అందరూ అతన్ని మెచ్చుకున్నారు. సొంత తమ్ముడికి చేసినట్టు చేశాడన్నారు.

అదీ కారు వెనకున్న కథ.

కారు ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున తాళం తిప్పాడు. ఇంజను పొడిపొడిగా రెండుసార్లు దగ్గింది. లక్ష్మీరాజం దిగి దూరంగా పోయి నిలబడ్డాడు. కాసేపటికి తనను తాను తిట్టుకుని మళ్లీ ఎక్కాడు. అదే వారంలో భార్యాపిల్లలను ఎక్కించుకుని బజారుకు పోయి వస్తుంటే వెనక సీటు మీద దీపం టక్కున వెలిగింది.

"పప్పా, లైట్ ఎవరేసిండ్రు?" అంది రుచిత. "మేమెవ్వరం ముట్టలే."

ఆ దీపం ఎవరైనా తలుపు తీస్తే వెలిగేది. వెనక ఎడమ తలుపు వేసే ఉంది. లక్ష్మీరాజం అద్దంలో చూడబోయి చూడలేకపోయాడు.

మర్నాడే భేస్తాన్ రోడ్డు మీద యూనుస్ మిస్త్రీ దగ్గరకు తీసుకుపోయాడు. యూనుస్ తలుపు పక్కనున్న గుండీలాంటి స్విచ్ ఊడదీసి చూపించాడు. నిండా తుప్పు. గీకి, నూనె వేసి, మళ్లీ బిగించాడు. ప్లగ్గులు మార్చాడు. అద్దం చుట్టూ కొత్త రబ్బరు వేశాడు. తలుపు కొండీ సరిచేశాడు. పని జరుగుతున్నంతసేపూ లక్ష్మీరాజం పక్కనే నిలబడి ఉన్నాడు.

"మిస్త్రీ, ఈ బండ్ల ఎవరన్న చచ్చిపోయిండ్రా? నీకేమన్న తెలుస్తదా?" అని హిందీలో అడిగాడు.

యూనుస్ చేతులు తుడుచుకుంటూ అతని ముఖం వంక చూశాడు. "ఇది తుప్పు భాయ్, ఇంకేం లేదు. ఈ ఏడు నా దగ్గరికొచ్చిన బండ్లల్ల శవం ఎక్కని బండి ఏదో నన్నడిగితే నేను చెప్పలేను. గని ఇది పంతులు బండి, రెండేండ్లు ఇంట్లనే నిలబడ్డది."

ఆ తర్వాత దీపం వెలగలేదు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. వానకు చుక్క నీరు రాలేదు. లక్ష్మీరాజం తేలిగ్గా ఊపిరి పీల్చుకోవలసింది. కానీ షిఫ్టు దిగి కారు తుడుస్తున్నప్పుడు, ఇంజను ఆపి ఉన్నప్పుడే, వెనక సీట్లోంచి దగ్గు వినిపించేది. రెండుసార్లు, పొడిగా. ఆ తర్వాత ఎవరో మాట కోసం ఊపిరి కూడదీసుకుంటున్నట్టు చిన్న చప్పుడు. మిస్త్రీ దగ్గరకు తీసుకుపోవడానికి ఇప్పుడు ఏ లోపమూ మిగల్లేదు. అతను గుడ్డ అక్కడే వదిలేసి ఇంట్లోకి పోయేవాడు.

సెప్టెంబరు చివరలో నర్సవ్వ వచ్చింది. భర్త పోయాక సూరత్ తిరిగొచ్చి, ఉన్‌ అనే శివారు వాడలో తమ్ముడి దగ్గర ఉంటూ చీరల దారాలు కత్తిరించే పనికి పోతోంది. గడపలోనే కూర్చుని మాస్కు కిందికి జరుపుకుంది.

"బావా, పెత్రమాస రాబట్టె, పెద్దలకు బియ్యమిచ్చే అమాస. ఆయన కుండ ఇంక ఆ అలమారలనే ఉన్నది. నాసిక్ దాక జర కారు తియ్యరాదే."

"తాపి నది ఈడనే ఉండె గదనే," అంది భూదేవి.

"ఆయనకు తాపి తెల్వదక్కా. గోదాట్ల ఈత నేర్సినోడు. ధర్మపురి పోవుడు ఎప్పుడు కుదురుతదో. నాసిక్ల ఏసినా మన ఊరి ముందల్నుంచే పోతది గద."

లక్ష్మీరాజం ఆమె వంక చూడకుండా, "ఐతారం పొద్దుగాల పోదాం," అన్నాడు.

ఆదివారం ఇద్దరూ స్మశానంలో కుండ తీసుకుని బయల్దేరారు. నర్సవ్వ వెనక ఎడమ వైపు కూర్చుంది. ఎర్ర గుడ్డ కట్టిన కుండను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. వాంస్‌దా దాటాక సాపుతార ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా వాన ముసురు పట్టింది. సగం ఎక్కాక ఇంజను వేడెక్కితే లక్ష్మీరాజం బండి పక్కకు తీసి ఆపాడు. కింద లోయ కనబడనంత మంచు. చల్లారేదాకా ఆగాలి.

వెనక నుంచి దగ్గు వినిపించింది. అతను స్టీరింగ్ పట్టుకుని బిగుసుకుపోయాడు. అది నర్సవ్వదో, ఇంకెవరిదో అడగలేకపోయాడు. అడగవలసిన మాటకు బదులు మరో మాట బయటకొచ్చింది.

"నర్సవ్వా, ఆ పొద్దు నా బండ్ల పెట్రోల్ ఉండె."

"నాకెర్కనే," అంది నర్సవ్వ.

అతను వెనక్కి తిరిగాడు. ఆమె కుండ మీది ముడి సర్దుతోంది.

"నడ్సుకుంట నాకు ఫోన్ జేసిండు. అన్న నిన్ననే బండి నిండ పోయించిండు, నేను పక్కనే ఉన్న అన్నడు. భయపడ్డడు గావచ్చు, పిల్లలున్నోడు అన్నడు. అంతే అన్నడు."

"మరి ఇన్నొద్దులు నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఏమొస్తది? నీ మీద కోపం లేదని నేను చెప్ప. ఉన్నది. లేవంగనే ఉంటది. కూలికి పోయినంక జర మర్సిపోత." ఆమె గొంతు పెరగలేదు. "నాకొకటి కావాలె బావా. ఫోన్ల ఆయన మాట సగం సగమే ఇనవడ్డది. నీ తలుపు కాడ ఏమేమన్నడో అంత చెప్పు. ఒక్కటి గూడ ఇడ్సిపెట్టకు. అందుకే నిన్ను కారు తెమ్మన్న."

ఐదు నెలలుగా ఆ మాటలు అతని చెవిలో తిరుగుతూనే ఉన్నాయి. పెదవి దాటి రావడం మాత్రం ఇదే మొదలు. అతను మాస్కు తీసేసి, మంచు వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ముందుగాల రెండుమార్లు దగ్గిండు. అన్నా, లేసి ఉన్నవా అన్నడు. నేను పలుకలే. అన్నా, ఊపిరాడుతలేదు, జర బండి తియ్యరాదే, దవాఖాన దాకనే, నేను ముఖం అటు తిప్పుకొని కూసుంట అన్నడు. అప్పుడు నేను పెట్రోల్ లేదన్న. ఏమనలే కొంచెంసేపు. గోడకు ఒరిగినట్టు చప్పుడైంది. ఇగ, సరే తియ్యి అన్నా, పండుకో, సప్పుడుకు పోరలు లేస్తరు అన్నడు. చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడైంది, ఒకటి జారినట్టున్నది, మళ్ల తొడుక్కున్నడు. పోయిండు."

"నా పేరు తీసిండా?"

తీశాడని చెప్పడం ఎంత తేలికో లక్ష్మీరాజానికి తెలుసు. ఆమె కళ్లు అతని మీదే ఉన్నాయి.

"లేదు నర్సవ్వా."

ఆమె తలూపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్క చుక్క కన్నీరు లేకుండా, కుండ మీదికి వంగింది. కాసేపటికి తలెత్తి, "మళ్లొక్కసారి చెప్పు," అంది.

అతను మళ్లీ చెప్పాడు. రెండు దగ్గుల దగ్గర నుంచి జారిన చెప్పు దాకా, అదే వరుసలో.

మధ్యాహ్నానికి నాసిక్ చేరారు. వానలకు గోదావరి ఎర్రగా పారుతోంది. నర్సవ్వ మోకాళ్ల లోతుకు దిగి కుండ ఒంపింది. లక్ష్మీరాజం సాయంగా చెయ్యి పట్టబోతే వద్దన్నట్టు చూసింది. అతను మెట్ల మీదే నిలబడిపోయాడు. బూడిద నీళ్లలో కలిసి కనబడకుండా పోయిన తర్వాత కూడా ఆమె ఆ దిక్కే, నీళ్లు తూర్పుకు పారే దిక్కే, చూస్తూ ఉంది.

తిరుగుదారిలో ఘాట్ రోడ్డు దిగుతుండగా నర్సవ్వ వెనక సీట్లోనే నిద్రపోయింది. వాన వెలిసింది. కారు నిశ్శబ్దంగా దిగుతుంటే వెనక నుంచి ఊపిరి స్పష్టంగా వినిపిస్తోంది. ఒకటి బరువుగా, నిదానంగా. దాని పక్కన మరొకటి ఉన్నట్టు, అందీ అందనట్టు. లక్ష్మీరాజం అద్దంలోకి చూడలేదు. గుంతలు తప్పించుకుంటూ, నిద్ర చెడకుండా, మెల్లగా పోనిచ్చాడు.

ఉన్ చేరేసరికి చీకటి పడుతోంది. నర్సవ్వ దిగి ఖాళీ గుడ్డను మడిచి చంకలో పెట్టుకుంది.

"పండుగ దాటినంక తమ్ముడు నన్ను ఊర్ల దింపొస్తనంటున్నడు," అంది. "పోయేముందల ఒక్కపారి మీ ఇంటికొస్త. నాకు మళ్ల చెప్పాలె. భూదేవక్క ముందల చెప్పాలె."

"చెప్త," అన్నాడు లక్ష్మీరాజం.

దసరా వెళ్లిన మూడో రోజు ఆమె వచ్చింది. అతను పిల్లలను బయటకు పంపి, భూదేవిని పిలిచి కూర్చోబెట్టి, తలుపు గడియ తీసే ఉంచి చెప్పాడు.