టిక్కు పెట్టని వార్త

పేపరు చదవడం నాకు రాదు. నాగాయలంకలో ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. ఎందుకంటే మా బస్టాండు టీ కొట్లో రెండేళ్లపాటు, మధ్యాహ్నం బస్సులో వచ్చిన పేపరు మడత విప్పి అందరికీ పైకి చదివి వినిపించింది నేనే. అందుకు టీ ఊరికే ఇచ్చేవాళ్లు. బి.ఏ. పాసై గ్రూప్ వన్ పరీక్షకి చదువుతున్నవాణ్ణి, రేపోమాపో డిప్యూటీ కలెక్టర్ని. అలాగే ఊళ్లో అందరూ అనుకునేవాళ్లు. అందరికంటే ఎక్కువగా నేను అనుకునేవాణ్ణి.

పరీక్షకి పేపరు ఎలా చదవాలో నేర్పింది శోభనాద్రి గారు. తహసీల్దారుగా రిటైరై, బందరులో ఇంటి వరండా మీద ఆదివారాలు మాలాంటివాళ్లకి పాఠాలు చెప్పేవారు. ఎర్ర పెన్సిలు చేతికిచ్చి, "పేపరు చదవకండయ్యా, ప్రశ్న చదవండి" అనేవారు. కేంద్ర మంత్రివర్గం, ప్రణాళిక, రాజ్యాంగ సవరణ, విదేశీ పర్యటన కనిపిస్తే టిక్కు పెట్టాలి. హత్యలు, సినిమాలు, బస్సు ప్రమాదాలు, వాతావరణం వదిలెయ్యాలి. "వాన పడుతుందో లేదో ఏ పరీక్షలోనూ అడగరు" అనేవారు. నిజమే, అడగరు. ఆరు నెలలు తిరిగేసరికి వదిలెయ్యాల్సిన వార్త నా కళ్లకి కనబడటమే మానేసింది. టీ కొట్లోనూ టిక్కు పెట్టినవే చదివేవాణ్ణి. డెబ్భై ఏడులో కొత్త ప్రభుత్వం రోలింగ్ ప్లాన్ గురించి మాట్లాడుతుంటే, "ప్లాను దొర్లడమేంటి జానీ బాబూ" అని నవ్వుకుంటూ వినేవాళ్లు. ఏడో ఆర్థిక సంఘం గురించి తెలిసిన చేపల వేటగాళ్లు దేశంలో ఇంకెక్కడా ఉండి ఉండరు. ఆ సంగతి తల్చుకుని గర్వపడేవాణ్ణి, బుద్ధిలేనివాణ్ణి.

ఆ ఏడాది నవంబరు పద్దెనిమిది, శుక్రవారం. మా పక్కింటి కృపావతి అక్క టీ కొట్టు దగ్గరికి వచ్చింది. మొగుడు పోయాక కూలిపనికెళ్లి ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటోంది. చిన్నప్పుడు మా అమ్మ పనికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది ఈవిడే. తొమ్మిదేళ్ల ఎలీసబెతు, ఆరేళ్ల దైవాధీనం ఆవిడ పక్కనే ఉన్నారు. సముద్రం ఒడ్డున పల్లెలో ఉన్న అమ్మమ్మ దగ్గరికి, మావయ్యతో కలిసి బయల్దేరారు.

"తమ్ముడూ, ఆకాశం చూస్తే నాకేం బాగాలేదు. గాలివాన గురించి పేపర్లో ఏమన్నా రాశారా? రాస్తే పిల్లల్ని పంపను."

పేజీలు తిప్పాను. తిప్పానంతే. "ఏం లేదక్కా. పోయిన వారం తుఫాను తమిళనాడు మీదికి పోయిందిగా" అన్నాను. పిల్లలు బస్సెక్కారు.

మర్నాడు ఉప్పెన వచ్చింది. ఆ పల్లె ఉన్నచోట ఆదివారం పొద్దున ఇసుక ఉంది. పిల్లలిద్దరూ నాలుగో రోజున దొరికారు. ఎలా దొరికారో నేను రాయలేను.

నెల తర్వాత బందరు వెళ్లి శోభనాద్రి గారింట్లో పాత పేపర్ల కట్ట విప్పాను. పద్దెనిమిదో తారీఖు, ఐదో పేజీ, అడుగున సబ్బు ప్రకటన పైన ఆరు వరుసలు. బంగాళాఖాతంలో తుఫాను, కోస్తా జిల్లాలకు హెచ్చరిక, తీరంలో ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అదే పేజీలో పైన రోలింగ్ ప్లాన్ వార్తకి మాస్టారి ఎర్ర టిక్కు ఉంది. నా పేపర్లోనూ సరిగ్గా అక్కడే టిక్కు పెట్టాను, బాగా గుర్తుంది. ఆ పేజీ నేను చూశాను. ఆ ఆరు వరుసలే చూడలేదు. కట్ట మళ్లీ కట్టేసి, మాస్టారితో చెప్పకుండానే వరండా దిగాను.

ఊరికి రాగానే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. కృపావతి అక్క అప్పటికి అన్నం మానేసింది. "నేనే పంపానే" అని తల గోడకేసి కొట్టుకునేది. ఆవిణ్ణి నిలబెట్టింది ఒక్కటే మాట. "పేపర్లోనే లేదంట. మా జానీ అక్షరం వదలడు. ఎవరికీ తెలియనిది నాకెట్టా తెలుస్తుంది." ఆ మాట చెప్పుకున్న పూట రెండు ముద్దలు తినేది. ఆ రెండు ముద్దల కోసమే దాస్తున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అదీ సగమే నిజం. ఆవిడ నన్ను చూసే చూపు మారిపోతుందని చచ్చేంత భయంగా ఉండేది.

ఫిబ్రవరిలో, హెచ్చరిక జనానికి అందిందో లేదో విచారించడానికి వెంకటాద్రి గారనే అధికారి వచ్చారు. బళ్లో బల్ల వేసుకుని కూర్చున్నారు. చదువుకున్నవాణ్ణని వాంగ్మూలాలు రాసే పని నాకే అప్పజెప్పారు. అచ్చు వేసిన ఫారం. పేరు, ఊరు, పోయినవాళ్లు, చివర ముందస్తు హెచ్చరిక అందింది, అందలేదు. రెండింట్లో ఒకటి కొట్టేసి వేలిముద్ర వేయించాలి.

మూడో రోజు కృపావతి అక్క వంతు వచ్చింది.

"హెచ్చరిక అందిందా అమ్మా?" అని వెంకటాద్రి గారు అడిగారు.

"లేదయ్యగారూ. పేపర్లో కూడా రాలేదు."

ఆయన తలెత్తారు. ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. "పద్దెనిమిదో తారీఖున వచ్చిందమ్మా. కత్తిరించింది నా దగ్గరే ఉంది."

"తమరు పొరబడ్డారండీ. ఆ రోజే అడిగాను నేను. ఇదుగో, మా తమ్ముడు చూసి చెప్పాడు. అడగండి."

ఇద్దరూ నావైపు చూశారు. 'లేదు' అంటే సరిపోయేది. తల దించుకుని రాసుకుంటూ పోయినా సరిపోయేది.

"వచ్చిందక్కా" అన్నాను. "ఐదో పేజీలో ఉంది. పరీక్షకి పనికిరాదని అలాంటివి చదవను. నువ్వడిగినప్పుడు కూడా వెతకలేదు."

ఆవిడ నా బల్ల దగ్గరికి జరిగింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఏం రాశారందులో?"

వెంకటాద్రి గారు ఆ కత్తిరింపు నా ముందుకి జరిపారు. చదివాను. మధ్యలో ఆగితే, మళ్లీ మొదట్నించీ చదవమంది. చదివాను.

"ఆకాశం నేనూ చూశాను" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "మనసు వద్దంటానే ఉంది. అయినా పంపాను. అందిందని రాయి."

"నీకు అందలేదక్కా. నేను అందనివ్వలేదు. సార్, నా పేరు రాయండి. నా మూలంగా అందలేదని రాయండి."

"ఫారంలో ఆ గడి లేదయ్యా" అన్నారు వెంకటాద్రి గారు. "పేపరు ఊళ్లోకొచ్చింది. అంటే అందినట్టే."

పరిపాలన మీద నేను చదవని పుస్తకం లేదు. అందింది అంటే ప్రభుత్వం చెయ్యాల్సింది చేసిందని అర్థం. విని కూడా పిల్లల్ని పంపిన తల్లిది తప్పని అర్థం. అదే అక్కతో చెప్పబోయాను. వినిపించుకోలేదు.

"రాయి తమ్ముడూ. నా వెనక ఇంకా శానామంది ఉన్నారు."

'అందలేదు' కొట్టేశాను. ఆవిడ బొటనవేలు సిరాలో అద్దుకుని, చదువు రాదు కాబట్టి, ఎక్కడ వెయ్యాలని నన్నే అడిగింది. నేను చోటు చూపించాను.